బోరు నీళ్ల గులాబీలు: చిగురంతా పసుపు పడుతోంది, మట్టి మార్చాలా?

మిద్దెమొక్కలు_నల్లగొండ

అందరికీ నమస్తే. మాది నల్లగొండ, ఊరి చివర కొత్తగా వచ్చిన కాలనీ. ఇంటి ముందు కొంచెం జాగా ఉంది, పైన మిద్దె. గులాబీలంటే నాకు ప్రాణం, అందులో ముదురు ఎరుపు, నారింజ రంగువి ఇంకా ఇష్టం. అన్నీ కుండీల్లోనే, కొన్ని ప్లాస్టిక్‌వి, కొన్ని సిమెంటువి. ఎండాకాలం ఎలాగో దాటాయి, తొలకరి పడ్డాక బాగా చిగురించాయి కూడా. మధ్యలో వానలు ఆగి మళ్లీ బోరు నీళ్లు పట్టడం మొదలుపెట్టాక అసలు సమస్య వచ్చింది. వచ్చే చిగురు వచ్చినట్టే పసుపు పడుతోంది. కింది ఆకులు పచ్చగానే ఉన్నాయి. పై ఆకులు మాత్రం ఈనెలు పచ్చగా, ఈనెల మధ్య భాగమంతా పసుపుగా, కొన్నైతే తెల్లగా పాలిపోయి ఉన్నాయి, అంచులు మాడినట్టు అవుతున్నాయి. మొగ్గలు వస్తున్నాయి గానీ చిన్నగా ఉండగానే ఆగిపోతున్నాయి.

మొక్కలు కొన్న నర్సరీలో అడిగితే బలం లేదు, డీఏపీ వేయండి అన్నారు, వేశాను. గుడ్డు పెంకులు, కట్టెల పొయ్యి బూడిద కూడా అప్పుడప్పుడు వేస్తున్నాను. అందంగా ఉంటాయని కుండీల మీద తెల్లరాళ్లు పరిచాను. వంటింట్లో ఆర్వో మిషన్ నుంచి వచ్చే వేస్ట్ నీళ్లు ఊరికే పోతుంటే అవి కూడా మొక్కలకే పోస్తున్నాం. బోరు నీళ్లయితే బకెట్లకు, కుళాయిలకు తెల్లగా పొర కడతాయి.

మట్టి మొత్తం మార్చేయాలా, లేక ఏదైనా మందు ఉందా? బతుకమ్మకు కనీసం కొన్ని పూలైనా నా చెట్టువి పెట్టాలని ఉంది. ఇంకో మాట, ఊర్లో అత్తమ్మ వాళ్ల పాత ఇంట్లో ఇసుర్రాయి, రోలు, రెండు పెద్ద గోలేలు (మట్టి తొట్లు) ఊరికే పడి ఉన్నాయి. వాటిని తెచ్చి ఇంటి ముందు గులాబీల మధ్య పెడదాం అనుకుంటున్నాను. ఎవరైనా అలా చేసిన వాళ్లుంటే ఎలా పెట్టారో చెప్పండి.

పాతగులాబీ_మిర్యాలగూడ

అమ్మా, మీరు రాసిన దాంట్లో సగం జవాబు మీరే చెప్పేశారు. ముందు జబ్బు ఏదో తేల్చుకుందాం, తర్వాత మందు.

పసుపు అనగానే ఎరువు తక్కువైంది అనుకోవద్దు. ఏ ఆకు పసుపు పడింది, ఎలా పడింది అన్నది చూడాలి. నత్రజని తక్కువైతే కింది ముసలి ఆకులు ముందు, ఈనెలతో సహా మొత్తం పాలిపోతాయి. మెగ్నీషియం తక్కువైతే ఈనెలు పచ్చగా ఉంటాయి గానీ అది కూడా కింది ఆకుల్లోనే మొదలవుతుంది. ఇనుము అందకపోతే మాత్రం చిగురులో, లేత ఆకుల్లో వస్తుంది, ఎందుకంటే ముసలి ఆకుల్లో ఉన్న ఇనుమును మొక్క పైకి పంపించుకోలేదు. మీది నూటికి తొంభై పాళ్లు ఇనుము లోపమే. ఒక్కటి మాత్రం చూడండి, తెల్ల కాగితం పట్టుకుని పసుపు కొమ్మను దాని మీద తట్టండి. నలకలు పడి కదులుతుంటే ఎర్ర నల్లి కూడా ఉన్నట్టు. నల్లి పట్టిన ఆకు సన్నని చుక్కలు చుక్కలుగా పాలిపోతుంది, అడుగున సన్నని గూడు ఉంటుంది. ఈనెల గీతలు అంత స్పష్టంగా కనపడవు.

మన మట్టిలో ఇనుము లేదా అంటే బోలెడు ఉంది, చెలక భూములకు ఆ ఎరుపు రంగే ఇనుముతో వచ్చింది. ఉన్నా మొక్కకు దొరకదు. గులాబీకి మట్టి పీహెచ్, అంటే పులుపు, సున్నం గుణాల కొలత, 6 నుంచి 6.5 మధ్య ఉంటే హాయి. 7.5 దాటిందంటే ఇనుము కరగని రూపంలోకి మారి వేరుకు అందకుండా పోతుంది. మీ బకెట్‌కు కట్టే తెల్లపొర సున్నమే, కాల్షియం కార్బొనేట్. రోజూ బోరు నీళ్లు పోస్తే అదే పొర కుండీ మట్టిలోనూ కొద్దికొద్దిగా చేరుతుంది. నేలలో అయితే వానకు కొంత కిందికి పోతుంది, కుండీలో ఎక్కడికి పోతుంది? దాని మీద మీరు గుడ్డు పెంకులు, బూడిద వేశారు, అవీ సున్నం గుణమే, బూడిదైతే బోరు నీళ్ల కంటే వేగంగా పనిచేస్తుంది. డీఏపీలో భాస్వరం ఎక్కువ, భాస్వరం పోగైతే ఇనుము ఇంకా బిగుసుకుంటుంది. ఆర్వో వేస్ట్ నీళ్లంటే మీ బోరు నీళ్లలో ఉప్పు మరింత చిక్కబడి వచ్చేవి. అంచులు మాడటానికి అది చాలు. గిన్నెలు తోమడానికి, బండలు కడగడానికి వాడుకోండి, కుండీకి మాత్రం వద్దు.

ఇక ఆ తెల్లరాళ్లు. నాకు వాటి మీదే అనుమానం. ఒక రాయి తీసి కడిగి ఆరబెట్టి, దాని మీద నిమ్మకాయ పిండండి. చెవి దగ్గర పెట్టుకుంటే చిన్న చప్పుడు, చూస్తే సన్నని బుడగలు వస్తే అది పాలరాయి ముక్క, అంటే సున్నపురాయే. ఏమీ కాకపోతే పలుగురాయి, దానితో ఏ ఇబ్బందీ లేదు. కుండీలో ఎండిన మట్టి మీద కూడా కాస్త వెనిగర్ పోసి చూడండి, అది కూడా బుసబుసమంటే మట్టిలో సున్నం చేరినట్టే. ఈ రెండు చూసి చెప్పండి, మట్టి మార్చాలా వద్దా అన్నది అప్పుడు చెప్పవచ్చు.

పల్లిచేను_నాగర్‌కర్నూల్

పెద్దసారు చెప్పింది అక్షరాలా నిజం. అక్కా, నేను రైతును, గులాబీలు ఇంటి దగ్గర కొన్ని మాత్రమే ఉన్నాయి, కానీ ఈ పసుపు నాకు కొత్త కాదు. మా పాలమూరు వైపు యాసంగి పల్లి చేనులో ఇదే వస్తుంది. సున్నం ఎక్కువున్న పొలంలో, నీళ్లు ఎక్కువ తడిసిన చోట పల్లి చిగురు పసుపు పడి తెల్లబడుతుంది, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. దానికి మేం లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి ఆకు మీద కొడతాం. వారానికి ఒకసారి చొప్పున రెండు మూడు సార్లు కొడితే పచ్చబడుతుంది. అన్నభేది ఎరువుల షాపులో కిలో ప్యాకెట్లలో దొరుకుతుంది, ఖరీదు చాలా తక్కువ.

గులాబీ చిగురు పల్లి ఆకు కంటే సుకుమారం కాబట్టి నేను లీటరుకు 2, 3 గ్రాములకు మించి వేయను, నిమ్మ ఉప్పు అర గ్రాము. సాయంత్రం ఎండ తగ్గాకే కొట్టాలి, విప్పిన పూల మీద పడితే మచ్చలు పడతాయి. కలిపిన మందు అప్పటికప్పుడు వాడేయాలి, నిలవ ఉంటే నీళ్లు తుప్పు రంగులోకి తిరుగుతాయి, అప్పుడు కొట్టినా లాభం లేదు. నిమ్మ ఉప్పు వేసేది అందుకే. మందు కలపడానికి కూడా బోరు నీళ్లు వద్దు, వాన నీళ్లో, ఏసీ నుంచి కారే నీళ్లో పట్టుకోండి. ఇంకో జాగ్రత్త, కింద బండల మీద పడితే తుప్పు మరకలు పడతాయి, ఒక పట్టాన పోవు. ఇంటి ముందు బండలు పరిచి ఉంటే కుండీని పక్కకు జరిపి కొట్టండి.

ఆల్రెడీ పసుపు పడిన ఆకు పూర్తిగా పచ్చబడకపోవచ్చు. ఆ తర్వాత వచ్చే చిగురు చూడండి, తేడా అక్కడ తెలుస్తుంది.

కొత్తతోట_దేవరకొండ

నాకు ఒక డౌట్ సార్. మా ఇంట్లో గులాబీలకు గుడ్డు పెంకులు, అరటి తొక్కలు తప్ప ఏమీ వేయం, పూలు మస్తు పూస్తాయి. మరి పెంకులు వేస్తే పాడవుతుందని ఎలా అంటారు? అందరూ వేయమనే చెబుతారు కదా.

పాతగులాబీ_మిర్యాలగూడ

తమ్ముడూ, మీ మొక్కలు నేలలో ఉన్నాయా, ఏ నీళ్లు పడుతున్నారు అన్నది ముందు చెప్పాలి. ఎర్ర చెలక నేలలో నాటి, కృష్ణా నీళ్లు వచ్చే కుళాయి కింద పెంచితే సున్నం సమస్యే రాదు, పెంకులు వేసినా వేయకపోయినా పూస్తాయి. పెంకులు ముక్కలుగా వేస్తే సున్నం ఎక్కువున్న మట్టిలో అసలు కరగవు, ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. కాబట్టి దాని వల్ల నష్టం తక్కువ, లాభం అంతకంటే తక్కువ. కాల్షియం తక్కువైన మట్టికి వేసేదాన్ని, కాల్షియం ఎక్కువైన నల్లగొండ బోరు కుండీలో వేయడం ఎందుకు అన్నదే నా మాట. బూడిద విషయంలో మాత్రం నేను గట్టిగానే చెబుతాను, బోరు నీళ్లు పోసే గులాబీ కుండీలో చిటికెడు కూడా వద్దు. అరటి తొక్కలు కంపోస్టులో వేసి కుళ్లాక వేయండి, పచ్చివి కుండీలో పూడిస్తే చీమలు, ఈగలు వస్తాయి.

ఇంకా చాలామంది అడిగేది ఫ్లోరైడ్ గురించి. మన జిల్లా పేరు చెబితే అందరికీ అదే గుర్తుకొస్తుంది, పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని ఊరి పేరే పెట్టారు. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5 వరకు అని హద్దు. ఆ హద్దు మనుషుల కోసం, పళ్లు, ఎముకలు పాడవుతాయి కాబట్టి పెట్టింది. మొక్కల్లో డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ లాంటివి ఫ్లోరైడ్‌కు ఆకు కొనలు మాడ్చుకుంటాయి. గులాబీకి దానికంటే బైకార్బొనేటు, సోడియం, ఉప్పు పెద్ద ఇబ్బంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోర్లలో చాలాచోట్ల ఈ బైకార్బొనేటు, సోడియం కూడా ఎక్కువగానే ఉంటాయి. సోడియం ఎక్కువైతే మట్టి బిర్రుగా గడ్డకట్టి నీళ్లు పైనే నిలుస్తాయి. అలాంటి సౌడు మట్టికి జిప్సం పనికొస్తుంది. నీళ్లు చక్కగా ఇంకుతూ, వెనిగర్‌కు బుసబుసమనే మట్టికి జిప్సం వేసి పీహెచ్ తగ్గుతుందని ఎదురుచూడవద్దు, తగ్గదు.

మిద్దెమొక్కలు_నల్లగొండ

సార్, నిమ్మకాయ పిండి చూశాను. తెల్లరాయి మీద పడగానే అంచుల వెంట సన్నగా నురగ వచ్చింది, కాసేపటికి రాయి మీద నున్నదనం పోయి గరుకుగా తగులుతోంది. మా మామయ్యగారి ఇంట్లో పాలిష్ బండ ముక్క ఉంటే దాని మీద కూడా చూశాం, అదీ అంతే. కుండీల్లో సిమెంటు వాటి మట్టి వెనిగర్‌కు బాగా బుసబుసమంది, ప్లాస్టిక్ వాటి మట్టి కొంచెమే. నల్లి లేదు, కాగితం మీద ఏమీ కదల్లేదు. రాళ్లన్నీ తీసేశాను.

ఇప్పుడు మట్టి మార్చాలంటే ఎలా మార్చాలి, వేళ్లు కదిలితే మొక్క చస్తుందేమోనని టెన్షన్. రోజూ పోసే నీళ్లు ఎలా? నాకు వేరే నీళ్లు అంత దొరకవు.

పాతగులాబీ_మిర్యాలగూడ

అన్నీ ఒకేసారి చేయకండి. ప్లాస్టిక్ కుండీల మట్టి మార్చక్కర్లేదు. వాన గట్టిగా పడే రోజు వాటిని బయట పెట్టి బాగా తడవనివ్వండి, అడుగు రంధ్రాల నుంచి నీళ్లు ధారగా పోవాలి, ఉప్పు దానితోపాటు కొట్టుకుపోతుంది. రంధ్రాలు మూసుకుపోయాయేమో ముందు పుల్లతో పొడిచి చూడండి. సిమెంటు కుండీల్లో ఉన్నవి మాత్రం మార్చాలి. కొత్త సిమెంటు కుండీ నుంచి సున్నం ఊరుతూనే ఉంటుంది, వాటిని నీళ్లు నింపి, రోజూ పారబోసి మళ్లీ నింపుతూ రెండు మూడు వారాలు నానబెట్టాకే మొక్క పెట్టాలి.

ఇప్పుడు మార్చవచ్చు, మబ్బు పట్టి ఉన్న రోజు సాయంత్రం చేయండి. ముందు రోజు నీళ్లు బాగా పెట్టి, వేళ్ల చుట్టూ మట్టి ముద్ద చెదరకుండా తీయండి. పై పొర, పక్కల పొర చేతి వేళ్లతో మెల్లగా రాల్చండి, మధ్య ముద్ద జోలికి పోవద్దు. కొత్త మట్టికి రెండు పాళ్లు ఎర్ర చెలక మట్టి, ఒక పాలు బాగా మాగిన పెంట ఎరువు లేదా వర్మీకంపోస్టు, ఒక పాలు కొబ్బరి పొట్టు. ఇసుక దొరకడం కష్టంగా ఉంటే మా మిర్యాలగూడలో రైస్ మిల్లులు ఎన్నో, ఊక సులువుగా దొరుకుతుంది, ఆ పొట్టు కొంచెం కలిపితే మట్టి గుల్లగా ఉంటుంది. ఊక తేవాలి, ఊక బూడిద కాదు. కుండీకి గుప్పెడు వేపపిండి. చెరువు పూడిక మట్టి పొలానికి బంగారమే గానీ కుండీలో ఒక్కటే పోస్తే ఎండకు పగుళ్లు తీసి గట్టిపడిపోతుంది, చెలక మట్టిలో కొంచెం కలిపితే ఫరవాలేదు. ఇంకా మీకు వీలైతే వ్యవసాయ గంధకం పొడి 12 అంగుళాల కుండీకి ఒక చిన్న చెంచా కలపండి. అది వెంటనే పనిచేయదు, మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని మెల్లమెల్లగా ఆమ్లంగా మార్చాలి, నెలలు పడుతుంది.

నీళ్ల సంగతికి వస్తే, 100 గజాల స్లాబు మీద ఒక సెంటీమీటరు వాన పడితే 800 లీటర్లకు పైగా నీళ్లు వస్తాయి. పైపు చివర ఒక డ్రమ్ము పెట్టండి, మూత వేసి ఉంచండి, దోమలు రాకుండా. అది వానాకాలానికి సరిపోతుంది. వానలు లేనప్పుడు బోరు నీళ్లు 10 లీటర్ల బకెట్‌లో నిమ్మ ఉప్పు 2 గ్రాములు, అంటే టీ చెంచాలో సగానికి తక్కువ, కరిగించి పోయండి. నీళ్లలోని బైకార్బొనేటు కొంత తగ్గుతుంది. ఇంకా ఎక్కువ వేస్తే ఇంకా బాగుంటుందని వేయకండి, వేళ్లు దెబ్బతింటాయి. ఏసీ నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు, వచ్చినన్ని పట్టుకోండి.

మట్టిలో వేసే ఇనుము కావాలంటే షాపులో ఈడీటీఏ ఇనుము ఇస్తారు. సున్నం మట్టిలో అది నిలవదు, ఆకు మీద కొట్టడానికే పనికొస్తుంది. మట్టిలో వేయడానికి ఈడీడీహెచ్ఏ అని అడిగి తీసుకోండి, ధర ఎక్కువ గానీ అది పీహెచ్ 9 దాకా తట్టుకుంటుంది. ప్యాకెట్ మీద ఆ అక్షరాలు చదివి మరీ కొనండి.

పల్లిచేను తమ్ముడు చెప్పిన పిచికారీ ఈ వారమే మొదలుపెట్టండి. మట్టి పరీక్ష చేయించాలంటే మీకు దగ్గర్లో కంపాసాగర్‌లో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, పాలమూరు వాళ్లకు పాలెం, మదనాపురం ఉన్నాయి. పీహెచ్, ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే లెక్క) రెండూ రాయించుకోండి.

గోలెంపూలు_నారాయణపేట

అక్కా, మట్టి సంగతి పెద్దవాళ్లు చెప్పేశారు, నేను గోలేల గురించి చెబుతాను. మీ అత్తమ్మ వాళ్ల గోలేలు అమ్మేయకుండా తెచ్చుకోండి, అవి మళ్లీ దొరకవు. మట్టి గోలెం గోడ నుంచి నీళ్లు కొద్దికొద్దిగా ఆవిరవుతాయి కాబట్టి లోపల వేళ్లు చల్లగా ఉంటాయి. మన దగ్గర ఏప్రిల్, మేలో నల్ల ప్లాస్టిక్ కుండీని పడమటి ఎండలో ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, ఆ గోడకు ఆనుకున్న వేళ్లు ఏమవుతాయో ఆలోచించండి. నేను గులాబీలన్నీ మట్టి వాటిలోకే మార్చాను.

గోలేనికి అడుగున రంధ్రం ఉండదు. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, తలకిందులుగా ఇసుక మీద లేదా పాత బొంత మీద పెట్టి, డ్రిల్లింగ్ మిషన్‌ను సుత్తి మోడ్‌లో పెట్టకుండా నెమ్మదిగా తిప్పాలి. ముందు సన్న బిట్టు, తర్వాత లావు బిట్టు. మధ్యలో నీళ్లు చల్లుతుండాలి. మూడు రంధ్రాలైనా ఉండాలి, ఒక్కొక్కటి వేలు పట్టేంత. వాటి మీద పగిలిన పెంకులు బోర్లించి మట్టి పోయండి. కింద రెండు ఇటుకలు పెట్టి నేలకు ఎత్తుగా ఉంచండి, లేకపోతే చెదలు ఎక్కుతాయి, నీళ్లూ పోవు.

రంగు వేయాలనుకుంటే ఆయిల్ పెయింట్ వద్దు, గోలెం రంధ్రాలన్నీ మూసుకుపోయి ప్లాస్టిక్ కుండీతో సమానం అయిపోతుంది. బయట జాజు (ఎర్రమన్ను) పూసి, మూతి చుట్టూ ముగ్గుపిండితో రెండు గీతలు, నాలుగు చుక్కలు పెట్టండి చాలు, వానకు పోతే పండుగకు మళ్లీ పూయవచ్చు. కొన్నాళ్లకు గోలెం బయట తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, అది చూసి అసహ్యంగా ఉందని అనుకోకండి, మట్టిలోంచి ఉప్పు బయటికి వస్తోందని గుర్తు. తడి బ్రష్‌తో రుద్ది, గట్టిగా నీళ్లు పెట్టి మట్టి కడిగేయాల్సిన టైం వచ్చిందని లెక్క. ప్లాస్టిక్ కుండీలు మార్చడం కుదరకపోతే వాటికి మాత్రం బయట తెల్ల పెయింట్ వేయండి, వేడి తగ్గుతుంది.

రోలు, ఇసుర్రాయి నల్లరాయివి అయి ఉంటాయి, వాటితో సున్నం భయం లేదు. రోలును గేటు పక్కన తూర్పు వైపు నీడలో పెట్టి నీళ్లు పోస్తే పిట్టలు వస్తాయి. మా రోట్లో పిచ్చుకలు, పికిలి పిట్టలు పొద్దున పూట వరుసగా స్నానం చేసి పోతాయి, అవి గులాబీల మీది పేనుబంకను, పురుగులను కూడా ఏరుకుని తింటాయి. నీళ్లు మూడు రోజులకోసారి పూర్తిగా పారబోసి రుద్ది కడగాలి, దోమలు పెట్టకుండా. ఇసుర్రాయి కింది దిమ్మెను నేల మట్టానికి కొంచెం పాతిపెట్టి, పై రాయిని పక్కన వాల్చి పెట్టండి. నడవడానికి దారి మధ్యలో మాత్రం వద్దు, తడిస్తే జారుతుంది.

కుండీల మీద పరచడానికి తెల్లరాళ్ల బదులు గ్రానైట్ కంకర, లేదా పగిలిన గోలెం పెంకుల ముక్కలు వేయండి. ఎర్రగా చాలా బాగుంటుంది. మాకు పల్లి పొట్టు దొరుకుతుంది కాబట్టి నేను ఎండాకాలం అది పరుస్తాను, తడి ఆగుతుంది, కాండానికి మాత్రం తగలనివ్వను, చెదలు వస్తే అక్కడి నుంచే వస్తాయి.

మిద్దెమొక్కలు_నల్లగొండ

చాలా థ్యాంక్స్ చెల్లీ. ఇంటి ముందంతా తాండూరు బండలే పరిచాం. అవి కూడా సున్నపురాయేనా, తీసేయాలా? బతుకమ్మకు పూల సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

గోలెంపూలు_నారాయణపేట

తాండూరు బండ సున్నపురాయే, అయినా తీయక్కర్లేదు అక్కా. బండగా పరిచి ఉంటే దాని నుంచి కుండీలోకి వచ్చేది ఏమీ లేదు. బండలు కోసినప్పుడు మిగిలిన ముక్కలు, పొడి మాత్రం కుండీల్లో, పాదుల్లో వేయకండి. జాగ్రత్త పడాల్సింది ఇంకోటి ఉంది, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు బండ మీద పడితే పాలిష్ పోయి మచ్చలు పడతాయి, అన్నభేది పడితే తుప్పు మరక. కుండీల కింద ప్లేట్లు పెట్టి, నిండిన నీళ్లు వెంటనే తీసేయండి.

పాతగులాబీ_మిర్యాలగూడ

బతుకమ్మ కోసం అంటే, కొమ్మ కత్తిరించినప్పటి నుంచి పువ్వు విప్పే వరకు సుమారు 45 రోజులు లెక్క వేసుకోవాలి, రకాన్ని బట్టి వారం అటూ ఇటూ. పచ్చగా, గట్టిగా ఉన్న రెండు మూడు మొక్కలను మాత్రమే ఈ వారంలో తేలికగా కత్తిరించండి. పసుపు పడిన వాటిని ఇప్పుడు కోయవద్దు, వాటికి ఉన్న కింది పచ్చని ఆకులే తిండి పెడుతున్నాయి. వాటికి వచ్చే మొగ్గలు కూడా ఈ విడతకు చిన్నగా ఉండగానే తుంచేయండి, బాధగా ఉన్నా తుంచేయండి. తంగేడు, గునుగు ఎలాగూ ఉంటాయి, ఈ ఏడాదికి పైన ఒక్క గులాబీ పెట్టినా నిండుగా ఉంటుంది.

అసలు కత్తిరింపు అక్టోబరులో, వానలు ఆగాక. ఎండిన కొమ్మలు, లోపలికి పెరిగినవి, పెన్సిల్ కంటే సన్నగా ఉన్నవి తీసేసి, బయటి వైపు చూస్తున్న కన్నుకు పావు అంగుళం పైన ఏటవాలుగా కోయాలి. మన దగ్గర గులాబీలను ఎక్కువగా చంపేది కొమ్మ ఎండు తెగులు, కోసిన చోటు నుంచి నల్లబడుతూ కిందికి దిగుతుంది. నల్లబడిన చోటుకు రెండు అంగుళాలు కింద, కొమ్మ లోపలి మధ్య భాగం తెల్లగా కనపడే దాకా కోసి, కాపర్ ఆక్సీక్లోరైడ్ పేస్టులా కలిపి పూయండి. కత్తెరను ఒక్కో మొక్కకూ మధ్య స్పిరిట్‌తో తుడవాలి.

అంటు కట్టిన చోటు మట్టికి పైనే ఉండాలి. దాని కింది నుంచి వచ్చే పిలకలు కింది అడవి గులాబీవి, బలంగా పెరిగి పై మొక్కను ఎండగడతాయి. కత్తిరిస్తే మళ్లీ వస్తాయి, మట్టి తీసి మొదలు దగ్గర పట్టి పీకేయాలి.

పల్లిచేను_నాగర్‌కర్నూల్

ఒకటి చెప్పడం మర్చిపోయారు సార్. కడియం నర్సరీల వైపు నుంచి వచ్చే మొక్కలకు వేళ్ల చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది. దాన్ని అలాగే మన గుల్ల మట్టిలో పెడితే చుట్టూ తడి ఉన్నా ముద్ద లోపల ఎండిపోతుంది, లేదా వానలో లోపలే నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లుతాయి. కొత్త మొక్క తెచ్చినప్పుడు బకెట్ నీళ్లలో కాసేపు ఉంచి, బయటి బంకమట్టిని మెల్లగా కరిగించి నాటుతాను. అక్కా, కొత్త మొక్క కొనేటప్పుడు చిగురు కాకుండా కాండం చూడండి, అంటు దగ్గర లావుగా, పగుళ్లు లేకుండా ఉండాలి. పూలు నిండుగా ఉన్న మొక్క కంటే పూలు లేకుండా మూడు గట్టి కొమ్మలున్న మొక్క తెచ్చుకోండి.

మిద్దెమొక్కలు_నల్లగొండ

రెండో పిచికారీ నిన్న సాయంత్రం చేశాను. ప్లాస్టిక్ కుండీలో ఉన్న నారింజ రంగు గులాబీకి మొన్న వచ్చిన చిగురు రాగి రంగులో ఉంది, ఇప్పుడు విప్పుకుంటుంటే ఆకు లోపలి భాగం ఆకుపచ్చగానే వస్తోంది, ఇంతకుముందులా పసుపు లేదు. ఎరుపువి ఇంకా అలాగే ఉన్నాయి. సిమెంటు కుండీలు ఖాళీ చేసి నీళ్లు నింపి పెట్టాం, అందులోని మొక్కలను ప్రస్తుతానికి పాత బకెట్లకు రంధ్రాలు పెట్టి కొత్త మట్టిలోకి మార్చాను, రెండు రోజులు ఆకులు వాలి మళ్లీ లేచాయి. గోలేలు వచ్చే ఆదివారం ఆటోలో తెస్తున్నారు. సార్, మూడో పిచికారీ తర్వాత ఆపేయాలా, లేక చలికాలంలో కూడా నెలకోసారి కొట్టాలా?

పాతగులాబీ_మిర్యాలగూడ

మూడోది అయ్యాక ఆపండి. చిగురు చూస్తూ ఉండండి, మళ్లీ ఈనెల మధ్య పాలిపోవడం మొదలైతేనే కొట్టండి. నీళ్లు, మట్టి సరిపడితే అక్టోబరు కత్తిరింపు తర్వాత వచ్చే చిగురుకు అవసరం రాకపోవచ్చు. ఎరుపు వాటికి ఇంకో రెండు వారాలు టైం ఇవ్వండి, సిమెంటు కుండీ మట్టిలో ఉన్నవి కాబట్టి ఆలస్యంగానే తేరుకుంటాయి. అప్పటి దాకా ఎరువు ఏదీ వేయకండి.